చదువు ఇంటికొస్తే చాలదు

ఈ మధ్య రామకృష్ణాపూర్‌లో గని కార్మికుల క్వార్టర్ల మధ్య, ఒక వేపచెట్టు కింద పదిహేనుమందిమి ఆడవాళ్లం కూర్చున్నాం. మాట్లాడుకోవాలనుకున్నది వేరే విషయాలు. కానీ మాట పిల్లల చదువుల మీదికి మళ్లింది. పాలిటెక్నిక్‌లో సీటొచ్చిన కూతుర్ని అక్కడికి పంపకుండా ఫోన్లో నేర్పే కంప్యూటర్ కోర్సులో చేర్పించిన ఒక తల్లి ఎంతో తృప్తిగా అంది: "గిప్పుడు సదువంత ఫోన్లనే వస్తున్నది మేడం. బస్సెక్కి పోవుడు లేదు, తొవ్వల ఎవడన్న ఏమన్న అంటడని బుగులు లేదు. ఇంట్ల పని చేసుకుంటనే సదువుకుంటది." గోడకానుకుని నిలబడ్డ కూతురు అప్పటిదాకా నోరు విప్పలేదు. తల్లి మాట పూర్తయ్యాక మెల్లగా అంది: "ఇంట్ల పని చేసుకుంటనే ఉన్న. సదువుకుంటలేను."

తల్లి అబద్ధం చెప్పలేదు, కూతురూ చెప్పలేదు. ఆన్‌లైన్ చదువు ఆడపిల్లలకు వరమా, శాపమా అని మన సభల్లో తరచుగా చర్చ జరుగుతోంది. అసలు ప్రశ్న అది కాదనిపిస్తుంది. ఇంటికొచ్చిన చదువు ఆడపిల్లను ఇంటి నుంచి బయటికి తీసుకుపోతోందా, లేక ఆమెను ఇంట్లోనే ఉంచడానికి ఇంకో సాకు అవుతోందా? మనం అడగాల్సిన ప్రశ్న ఇదీ.

ఆన్‌లైన్ చదువు కరోనాతో ఉన్నట్టుండి ఊడిపడింది కాదు. 2016లోనే యూజీసీ, ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 20 శాతం దాకా 'స్వయం' వేదిక మీద చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని నిబంధన చేసింది. 2017 జూలై 9న స్వయం మొదలైంది. 2021లో ఆ హద్దును 40 శాతానికి పెంచారు. ఐటీఐ పిల్లల కోసం 2019లో 'భారత్ స్కిల్స్' పోర్టల్ వచ్చింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో బడిపిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా పాఠాలు చెప్పారు. కాలేజీ పాఠాలు ఫోన్లలోకి చేరాయి. కరోనా పోయింది గానీ ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు కోచింగ్ నుంచి డిప్లమా సబ్జెక్టుల దాకా, స్పోకెన్ ఇంగ్లీషు నుంచి ట్యాలీ దాకా అన్నీ తెర మీదే దొరుకుతున్నాయి. బొగ్గుబెల్టు గోడల నిండా ఇప్పుడు ఇంట్లో కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకోమనే ప్రకటనలే.

దూరం నుంచి చదువుకోవడం మనకు కొత్త కాదు. స్త్రీల ఉద్యమం దానికి వ్యతిరేకం అంతకన్నా కాదు. దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన రాష్ట్రంలోనే పుట్టింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకున్న ఆ సంస్థ, పదో తరగతి గట్టెక్కనివాళ్లను కూడా ప్రవేశ పరీక్ష రాయించి డిగ్రీలో చేర్చుకుంది. చిన్నతనంలో పెళ్లి చేసి పంపేసిన ఆడవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు, భర్త పోయాక కారుణ్య నియామకం కింద సింగరేణిలో జనరల్ మజ్దూర్‌గా చేరిన స్త్రీలు అలా చదివి ముప్ఫై ఐదేళ్లకో, నలభై ఏళ్లకో డిగ్రీ పట్టా అందుకున్నారు. అలాంటివాళ్లు ఈ పత్రిక చదివేవారిలోనూ ఉన్నారు.

అయితే ఆ దూరవిద్యలో ఏముండేదో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. అచ్చయిన పుస్తకం పోస్టులో ఇంటికొచ్చేది. దానిమీద ఆమె పేరు ఉండేది. అది ఆమె సొంతం. కరెంటు లేకపోయినా, రీచార్జ్ అయిపోయినా దాన్ని చదవొచ్చు. ఆదివారం స్టడీ సెంటర్‌లో తరగతులుండేవి. ఇంట్లో ఎంత గొడవ పడినా ఆ ఒక్కరోజు ఆమె మంచి చీర కట్టుకుని, టిఫిన్ కట్టుకుని, తనలాంటి ఇంకో ఇరవైమంది మధ్య బెంచీ మీద కూర్చునేది. ఆ తరగతులకు పోయినవాళ్లను అడిగి చూడండి. పాఠం మర్చిపోయి ఉంటారు గానీ పక్కన కూర్చున్నామెను మర్చిపోరు. పుస్తకం ఇంటికొచ్చినా, చదువు మాత్రం ఆమెను ఇల్లు కదిలించింది.

ఫోన్ సంగతి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 26.5 శాతం. పురుషుల్లో 57.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, ఆమె చేతిలో ఉండటం వేరు, అది ఆమెది కావడం వేరు. అన్న డ్యూటీ నుంచి వచ్చాక దొరికే ఫోన్, తండ్రి మధ్యమధ్యలో తీసి చూసే ఫోన్, ఎవరితో మాట్లాడావని నిలదీసి లాక్కునే ఫోన్, ఇది ఎలాంటి తరగతి గది? తరగతిలో మగపిల్లవాడు చెయ్యెత్తి ప్రశ్న అడిగితే తెలివైనవాడంటారు. ఫోన్లో ఆడపిల్ల ప్రశ్న అడిగితే ఎవరితోనో మాట్లాడుతోందంటారు.

పైగా గని కార్మికుల ఇల్లు ఎలా నడుస్తుందో ఈ పథకాలు రాసేవాళ్లకు తెలియదు. ఇక్కడ గడియారం షిఫ్టుల ప్రకారం తిరుగుతుంది. తండ్రి నైట్ షిఫ్ట్ చేసి పొద్దున వచ్చి పడుకుంటే ఆ రెండు గదుల క్వార్టర్‌లో ఎవరూ గొంతు పెంచకూడదు. పాఠం వినాలంటే ఇయర్‌ఫోన్లు కావాలి, లేదంటే బాత్రూం పక్కన నిలబడాలి. మొదటి షిఫ్ట్ అయితే తెల్లవారకముందే లేచి సద్ది కట్టాలి. ఈ పనులన్నీ అమ్మవి. అమ్మ తర్వాత కూతురివి. కాలేజీకి పోయిన పిల్లను మధ్యాహ్నం పిలిచి గిన్నెలు తోమమని ఎవరూ అనలేరు. ఇంట్లో కూర్చుని ఫోన్ చూస్తున్న పిల్లను అనకుండా ఉండరు. కాలేజీ గోడలు చదువుకు ఎంత అవసరమో ఆడపిల్ల సమయానికి అంత రక్షణ. ఇంటి చాకిరీని పనిగా లెక్కించాలని మనం ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నాం. ఆన్‌లైన్ చదువు ఆ లెక్కలేని పనిని ఏకంగా తరగతి గంటల్లోకే తెచ్చిపెట్టింది.

ఈ హక్కు కోసం కోర్టు దాకా వెళ్లిన ఆడపిల్లలున్నారు. కేరళలో కోజికోడ్ దగ్గర ఒక కాలేజీ హాస్టల్‌లో అమ్మాయిలు సాయంత్రం 6 నుంచి రాత్రి 10 గంటల దాకా ఫోన్లు అప్పజెప్పాలని నియమం పెట్టారు. ఫహీమా షిరీన్ అనే విద్యార్థిని ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి పంపేశారు. 2019 సెప్టెంబర్ 19న కేరళ హైకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఇంటర్నెట్‌ను అందుకునే హక్కు చదువుకునే హక్కులో, వ్యక్తిగత గోప్యతలో భాగమని చెప్పి ఆమెను మళ్లీ చేర్చుకోమంది. ఆ మరుసటి ఏడాదే, 2020 నవంబర్‌లో, ఢిల్లీలో డిగ్రీ చదువుతూ లాక్‌డౌన్‌లో ఇంటికి తిరిగొచ్చిన షాద్‌నగర్ అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆన్‌లైన్ పాఠాలకు ల్యాప్‌టాప్ లేదు. రావలసిన స్కాలర్‌షిప్ రాలేదు. చదువు కుటుంబానికి బరువవుతోందన్న బాధ ఆమెను తినేసింది. ఆ ఇంట్లో ఆమె చదువు కోసం పెద్దవాళ్లు చేయగలిగిన త్యాగాలన్నీ చేశారు. తప్పు ఆ ఇంటిది కాదు. చదువుకు కావలసిన వస్తువును ఇంటివాళ్లే కొనుక్కోవాలని నిర్ణయించిన విధానానిది. ఒకప్పుడు గది, బల్ల, కరెంటు, లైబ్రరీ కాలేజీ ఇచ్చేది. ఇప్పుడు ఆ ఖర్చు చడీచప్పుడు లేకుండా ఇంటి మీదికి వచ్చింది. ఇంట్లో ఒక్కరికే కొనగలిగితే ఎవరికి కొంటారో మనకు వేరే చెప్పాలా?

ఇదంతా ఏ చదువుకైనా వర్తిస్తుంది. సాంకేతిక విద్య దగ్గరికి వస్తే సమస్య ఇంకా తీవ్రం. ముఖ్యంగా ఈ బొగ్గునేల మీద.

గనుల్లో స్త్రీల చరిత్ర మనం మరిచిపోయేది కాదు. ఒకప్పుడు ఈ దేశపు బొగ్గుబాయిల్లో ఆడవాళ్లు తట్టలు మోశారు. బ్రిటిష్ ఇండియాలో 1937లో భూగర్భంలో వాళ్ల పనిని పూర్తిగా నిషేధించారు. యుద్ధానికి బొగ్గు అవసరం పడేసరికి 1943లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. అవసరం తీరాక 1946లో మళ్లీ పెట్టారు. స్త్రీల 'రక్షణ' ఎవరి అవసరాన్ని బట్టి మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆ నిషేధాన్ని కొనసాగించింది. 2019 జనవరి 29న కేంద్ర ప్రభుత్వం తలుపు కొద్దిగా తెరిచింది. స్త్రీల రాతపూర్వక సమ్మతితో ఓపెన్ కాస్టుల్లో రాత్రిపూట కూడా, భూగర్భంలో అయితే పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ స్థాయి పనుల్లో నియమించవచ్చని చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ అన్ని సంస్థల్లో, అన్ని రకాల పనులకూ స్త్రీలు అర్హులేనని, సమ్మతి ఉంటే రాత్రి కూడా పని చేయవచ్చని అంటోంది. ఈ కార్మిక కోడ్‌ల మీద కార్మిక సంఘాలకూ మనకూ ఎన్నో అభ్యంతరాలున్నాయి. వాటిని వేరుగా చర్చించాల్సిందే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 2019లో భూగర్భంలోకి దారి తెరిచింది తట్ట మోసే స్త్రీకి కాదు, డిప్లమా ఉన్న స్త్రీకి. అంటే ఆమెకు చదువే గేట్ పాస్. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపులకు పడిపోయింది. యంత్రాలు పెరిగాయి, ఓపెన్ కాస్టులు పెరిగాయి, కాంట్రాక్టు పని పెరిగింది. మిగిలిన పర్మనెంటు కొలువుల్లో చాలావాటికి సాంకేతిక అర్హత కావాలి. మైనింగ్ సర్దార్ అయినా, ఓవర్‌మెన్ అయినా గనుల భద్రత డైరెక్టరేట్ ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. దానికి గనిలో పనిచేసిన అనుభవం చూపాలి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ పనులకు ఐటీఐ, ఆపైన అప్రెంటిస్‌షిప్ కావాలి. పైకప్పు గట్టిగా ఉందో లేదో తట్టి చూసి చప్పుడును బట్టి తెలుసుకోవాలి. మీథేన్ కొలిచే పరికరం చేత్తో పట్టుకోవాలి. లేత్ మీద ఇనుము కోస్తే ఎలా వేడెక్కుతుందో, వెల్డింగ్ చేసేటప్పుడు చెయ్యి ఎంత దూరంలో ఉండాలో తెర మీద చూస్తే రాదు. సైకిల్ తొక్కడం గురించి పుస్తకం చదివినట్టే అవుతుంది.

మగపిల్లలకు వర్క్‌షాపు, ఆడపిల్లలకు ఫోన్ అనే విభజన ఎవరూ జీవో ఇచ్చి చేయడం లేదు. అది ఇళ్లలో, బంధువుల మాటల్లో, అడ్మిషన్ల సీజన్‌లో తనంతట తానే జరిగిపోతోంది. మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి ప్రాంతాల పిల్లలకు బెల్లంపల్లిలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. నస్పూర్ సీసీసీలో సింగరేణి పాలిటెక్నిక్ ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. కొత్త యంత్రాలు వస్తున్నాయి. సంతోషమే. ఆ యంత్రాల ముందు నిలబడేది ఎవరు? ఈ కాలనీల్లో ఆడవాళ్లకు అందుతున్న శిక్షణలు ఇంకా కుట్టు, ఎంబ్రాయిడరీ, బ్యూటీషియన్ దగ్గరే ఆగి ఉన్నాయి. వాటితో నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నవారిని తక్కువ చేయడం లేదు. కానీ గని జీతానికీ కుట్టు మిషన్ సంపాదనకూ మధ్య ఉన్న దూరం ఈ ఊళ్లో ఎవరికి తెలియదు? ఇప్పుడు దానికి ఇంటి నుంచి చేసుకునే డేటా ఎంట్రీ కోర్సు తోడైంది. పని మారింది. ఆడదాని చోటు మారలేదు.

ఇది మన దగ్గరి సమస్య మాత్రమే కాదు. అమెరికాలో పేద కుటుంబాల పిల్లలు, పెళ్లయి పిల్లలున్న తల్లులు, పని చేసుకుంటూ చదివేవాళ్లు ఎక్కువగా చేరేది కమ్యూనిటీ, టెక్నికల్ కాలేజీల్లో. అక్కడ ఆన్‌లైన్ కోర్సులు మనకన్నా చాలా ముందే విస్తరించాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆ కాలేజీల్లో 40,000 మందికి పైగా విద్యార్థుల రికార్డులను కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2013, 2014 సంవత్సరాల్లో ఫలితాలు ప్రచురించారు. తరగతి గదిలో చదివిన కోర్సులతో పోలిస్తే ఆన్‌లైన్‌లో మధ్యలో మానేసినవారు ఎక్కువ, మార్కులు తక్కువ. ఆ తేడా నల్లజాతి విద్యార్థుల్లో, ముందు నుంచీ మార్కులు తక్కువగా ఉన్నవారిలో మరీ ఎక్కువ. స్త్రీల కన్నా పురుషులు ఎక్కువ నష్టపోయారు. అంటే స్త్రీలు ఆన్‌లైన్‌లో చదవలేరన్నది నిజం కాదు. చదవగలరు, పట్టుదలగా చదువుతారు కూడా. కానీ ఎవరి దగ్గర తక్కువ ఉందో వారి నుంచే ఎక్కువ పోతుంది. వెనకబడినవారికి అవకాశం అని చెప్పి ఇచ్చేది వాళ్లనే ఇంకా వెనక్కి నెడుతుంటే దాన్ని ప్రశ్నించడం మన బాధ్యత.

చదువు అంటే పాఠం ఒక్కటే కాదన్న సంగతి తెలుగు స్త్రీలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా రాత్రి బడులు నడిచాయి. దూబగుంట స్త్రీలు అక్షరాలు నేర్చుకుంటూ తమ ఊరి సారా గురించి మాట్లాడుకున్నారు. పాఠంలోని ఆడమనిషి కథ తమ కథేనని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత సారా దుకాణాల ముందు నిలబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అదే పాఠాన్ని ఒక్కొక్కరికీ విడివిడిగా, ఎవరింట్లో వాళ్లకు, ఫోన్లో వినిపించి ఉంటే? అక్షరాలు వచ్చేవేమో. ఉద్యమం వచ్చేది కాదు. పక్కపక్కన కూర్చోవడంలో ఒక శక్తి ఉంది. తన కష్టం తన ఒక్కదానిదే కాదని తెలిసేది అక్కడే. ఆడవాళ్లను విడివిడిగా ఉంచడంలోనే పితృస్వామ్యం బలం ఉందని మనం ఎప్పటినుంచో అంటున్నాం. ఆ విడదీసే పనిని మనమే సాంకేతికతకు అప్పగించకూడదు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దాని మీద ఎన్ని జోకులు వేసినా, ఛార్జీలు లేవన్న కారణంతో కాలేజీ మానుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది. ఒక చేత్తో బస్సెక్కించి, ఇంకో చేత్తో ఫోన్లో చదువుకో అని వెనక్కి పంపితే ఆ బస్సు వల్ల ఫలితమేముంది? రామకృష్ణాపూర్ నుంచి బెల్లంపల్లికో నస్పూర్‌కో పోయే దారిలో భయం ఉంటే ఆ భయాన్ని తీసేయాలి. అమ్మాయిని దారి నుంచి తీసేయడం పరిష్కారం కాదు.

కాబట్టి ఆన్‌లైన్ చదువును వద్దనడం మన డిమాండ్ కాకూడదు. అది ఎవరికి, దేనికి, ఏ షరతుల మీద అన్నదే మన డిమాండ్. వర్క్‌షాపు, ల్యాబ్, అప్రెంటిస్‌షిప్ ఉండాల్సిన చోట ఆన్‌లైన్‌ను వాటికి బదులుగా ఒప్పుకోవద్దు. థియరీ పాఠాలకు, తప్పిపోయిన తరగతులకు, బాలింతలకు, పని చేసుకుంటూ చదివేవారికి అది అదనపు వసతిగా ఉండాలి. స్థానికంగా ఒక చదువు గది కావాలి. సింగరేణి కమ్యూనిటీ హాళ్లు, గ్రంథాలయాలు, బడి భవనాలు సాయంత్రాలు ఖాళీగానే ఉంటాయి. నాలుగు కంప్యూటర్లు, ఇంటర్నెట్, ఒక సహాయకురాలు, పిల్లలను చూసుకునే మనిషి ఉంటే చాలు. ఆడవాళ్లు అక్కడికి వచ్చి కలిసి చదువుకుంటారు. ఆన్‌లైన్ కోర్సులో చేరిన విద్యార్థినికి ఫోనో ట్యాబో ఇస్తే ఆమె పేరు మీదే ఇవ్వాలి. స్కాలర్‌షిప్ సెమిస్టర్ మొదట్లోనే రావాలి. ప్రతి పాలిటెక్నిక్, ఐటీఐ తమ బ్రాంచిల వారీగా అమ్మాయిలు ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, ఎంతమందికి అప్రెంటిస్‌షిప్ దొరికింది అన్న లెక్కలు బయటపెట్టాలి. గనుల్లో స్త్రీలకు దారి తెరిచామని చెప్పుకునే యాజమాన్యం, ఆ దారిలో నడవడానికి కావలసిన హాస్టలు, డ్రెస్సింగ్ గది, మరుగుదొడ్డి, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ముందుగా ఏర్పాటు చేయాలి.

ఇందులో మన పని కూడా ఉంది. పాలిసెట్, ఐటీఐ అడ్మిషన్ల రోజుల్లో సంఘాల కార్యకర్తలు ఇంటింటికీ తిరగాలి. సీటొచ్చీ చేరని అమ్మాయిలు ఎందరో, వాళ్లను ఏ సాకుతో ఆపారో రాసుకోవాలి. తల్లులతో కూర్చుని మాట్లాడాలి. ఆ తల్లులు కూతుళ్ల శత్రువులు కారు. తమను చదివించనివాళ్ల మధ్య పెరిగి, తమ పిల్లకు కనీసం ఫోన్లోనైనా చదువు దక్కాలని ఆశపడుతున్నవాళ్లు. ఆ ఆశను కించపరచకుండా, అది కొంచెమే ఎందుకని అడగడం మన పని.

ఆ రోజు వేపచెట్టు కింద మాట అక్కడితో ఆగలేదు. కూతురన్న మాటకు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనకనుంచి ఒక పెద్దామె, పెళ్లయినప్పటి నుంచి మొగుడికి సద్ది కట్టి షిఫ్టుకు పంపినామె, ఆ తల్లి వైపు తిరిగి అంది: "నీ కొడుకునైతే ఫోన్ల సదువుమందువా?" ఆ తల్లి తల వంచుకుంది. కోపంతో కాదు, ఆలోచనతో. వచ్చే ఏడు అడ్మిషన్ల నాటికి ఆ ఆలోచన ఒక నిర్ణయమైతే, ఆ ఇంటి నుంచి ఒక అమ్మాయి పొద్దున్నే బస్సెక్కుతుంది. ఆ ప్రశ్నను మనం ప్రతి వాడకూ, ప్రతి కాలేజీకీ, పథకాలు రాసే ప్రతి కార్యాలయానికీ తీసుకుపోవాలి.